గణితబోధనము - గురువునకు వ్యవధి

లెక్క రానివాడు ఋణపత్రముమీద వ్రేలిముద్ర వేయును. లెక్క వచ్చినవాడు వడ్డీ యెంతయని యడుగును. ఈ రెండు స్థితులకును గల యంతరము పాఠ్యపుస్తకమునకు సంబంధించినది మాత్రము గాదు. మనుష్యుని స్వాతంత్ర్యమునకు సంబంధించినది. కూలి, కొలత, తూనిక, పన్ను - ఇవియన్నియు గణితము నాశ్రయించియున్నవి. కావున లెక్కలయందు కొందరు బిడ్డలు ముందునకు సాగుటయు, కొందరు తుదివరకు వెనుకనే యుండిపోవుటయు దేశమెల్ల నాలోచింపవలసిన విషయమని మేము తలంచుచున్నాము.

విద్యాహక్కు శాసనము 2010 ఏప్రిల్ 1వ తేదీన అమలునకు వచ్చినది. నేడు గ్రామసీమలలో ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలలో నూటికి 95 మందికి పైగా బడులలో చేరియున్నారు. ఇది సంతోషింపదగినదే. కాని 2024 సంవత్సరపు ‘అసర్’ గ్రామీణ విద్యాపరిశీలనము ప్రకారము, అయిదవ తరగతి పిల్లలలో మూడంకెల సంఖ్యను ఒక్క అంకెతో భాగింపగలవారు నూటికి 31 మంది మాత్రమే. మూడవ తరగతిలో తీసివేత చేయగలవారు నూటికి 34 మంది. మిగిలినవారెవరు? తమ యింట తామే మొదటిసారి పలక పట్టినవారు, తలిదండ్రులతో వలసపోయి నెలల తరబడి బడికి దూరమగువారు, ఇంటిభాష యొకటి బడిభాష యొకటి యైనవారు - వీరే యందు పెక్కురు.

ఈ దుస్థితికి లోకము రెండు తీర్పులు సిద్ధముగ నుంచుకొన్నది. పిల్లలకు బుద్ధి చాలదనునది యొకటి. పంతుళ్లు పాఠము చెప్పుట లేదనునది రెండవది. ఈ రెంటిని మేము అంగీకరింపజాలము.

బుద్ధి మాట ముందుగా విచారింతము. కలకత్తా, ఢిల్లీ నగరముల సంతలలో సరకులమ్ము బాలబాలికలను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు పరీక్షించి, ఫలితములను 2025లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. కాగితము, కలము లేకయే ఆ పిల్లలు వెలలు కట్టి, మొత్తము చెప్పి, చిల్లర సరిగా తిరిగి యీయగలిగిరి. అట్టి లెక్కలనే బడిలో నడుగు రీతిగ నడుగగా పెక్కురు తడబడిరి. పుస్తకపు లెక్కలు చేయగలిగిన బడిపిల్లలో, సంతలెక్క యెదురుకాగా తడబడిరి. లోపము బిడ్డల బుద్ధిలో లేదు. నోటిలెక్కకును పలకమీది లెక్కకును నడుమ దారి వేయువారు లేకపోవుటయే లోపము.

మన మన్యములోనే మరియొక నిదర్శనము కలదు. శ్రీకాకుళము, పార్వతీపురము మన్యము జిల్లాల కొండలలో నివసించు సవరల భాషయందు పండ్రెండు మొదటి మజిలీ. పదుమూడనగా పండ్రెండును ఒకటియు. పందొమ్మిది యనగా పండ్రెండును ఏడును. ఆపైన ఇరువదుల లెక్క నడచును. ముప్పదిమూడనగా ఇరువది, పండ్రెండు, ఒకటి. ఇట్లు లెక్కించు నింట పెరిగిన బిడ్డకు పదులస్థానమనియు ఒకట్లస్థానమనియు వడివడిగా చెప్పి పోయినచో, 33లోని మొదటి మూడు ఎచ్చటనుండి వచ్చినదో తోచదు. ఆ సంగతి తెలిసిన గురువు చింతపిక్కలను ఒకమారు సవరలెక్కను, మరియొకమారు పదులలెక్కను కుప్పలు పోయించి, రాశి యొక్కటియే యని చూపగలడు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవరలకు బడులు పెట్టి యీ మార్గమును ఏనాడో చూపియున్నారు. 2004లో అవిభక్తాంధ్రప్రదేశమున సవర, కోయ, గోండి మున్నగు ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమికబోధన మారంభమైనది. కావున మార్గము తెలియదనుట కవకాశము లేదు.

ఇక గురువు మాట. పై శాసనమందలి 24వ సెక్షను ఆయనకు విధించిన పనులలో రెండు ముఖ్యమైనవి. నిర్ణీతకాలములో పాఠ్యప్రణాళిక నంతయు ముగింపవలయును. ప్రతి బిడ్డ శక్తిని గ్రహించి, వలసిన యదనపు బోధన చేయవలయును. అరువదిమందికి లోబడిన బడికైనను ఇద్దరు గురువులుండవలెనని యదే శాసనము చెప్పుచుండగా, 2024-25 లెక్కల ప్రకారము దేశమున లక్షకు పైగా బడులు ఒక్క గురువుతోనే నడచుచున్నవి. అట్టిచోట రెండు విధులు నెట్లు నెరవేరును? పాఠములు ముగిసినవా లేదా యను ప్రశ్నయే ముందు వచ్చును. కావున నాలుగవ తరగతి పుస్తకము సాగిపోవును. రెండవ తరగతి తీసివేత రాని బిడ్డ దానిని చూచుచు కూర్చుండును. ఏటేట తరగతి మారును; బిడ్డకు లెక్క మాత్రము రాదు.

గురువులకు శక్తి లేదందురా? ‘ప్రథమ్’ సంస్థ తోడ్పాటుతో బీహారురాష్ట్రమున జరిగిన ప్రయోగములను చూడుడు. 2008 వేసవి శిబిరములలో ప్రభుత్వోపాధ్యాయులే వెనుకబడిన పిల్లలకు వారి స్థాయిని బట్టి బోధింపగా, కొలది వారములలోనే పిల్లలు ముందడుగు వేసిరి. ఆ పద్ధతిలో తరబీదు మాత్రమొసగి, బడి మామూలుగ నడుచు దినములలో దాని నవలంబింపుడని విడిచిపెట్టినపుడు చెప్పుకొనదగిన ఫలము కానరాలేదు. శిబిరమున గురువునకు లభించి, బడిలో లభింపనిది వ్యవధి. అంతకు ముందు, 2001-03 సంవత్సరముల నడుమ, ముంబయి, వడోదర నగరములలో స్థానిక యువతులు వెనుకబడిన పిల్లలను దినమునకు రెండు గంటలు విడిగా కూర్చుండబెట్టి నేర్పగా, లెక్కలలో స్పష్టమైన యభివృద్ధి కనబడినది.

స్థాయిని బట్టి జట్లు గట్టినచో కులభేదములు బడిలో మరల తలయెత్తునని కొందరు శంకింతురు. ఈ శంకను తోసివేయరాదు. మొద్దుల వరుసయని పేరు పెట్టి బిడ్డను వెనుకబల్లకు కట్టివేయు బడులను మేమెరుగుదుము. అందుచేతనే జట్టు దినమున కొక్క గంటకు మాత్రమే పరిమితము కావలయును. కొలది వారముల కొకమారు మరల పరీక్షించి పిల్లలను మార్చుచుండవలయును. తక్కిన సమయమెల్ల అందరు నొక్కచోటనే చదువవలయును. తీసివేత నేర్చిన బిడ్డ మరునాడే పై జట్టునకు పోవలయును.

ప్రభుత్వములను మేము కోరునది స్వల్పము. ప్రాథమికపాఠశాలలో దినమున కొక గంట పాఠ్యప్రణాళికనుండి విడిపించి, స్థాయిని బట్టి లెక్కలు నేర్పుటకు గురువు స్వాధీనము చేయుడు. తనిఖీచేయువారు ఎన్ని పాఠములు ముగిసినవని గాక, గతమాసమునుండి ఎందరు బిడ్డలు ముందడుగు వేసిరని యడుగుదురుగాక. శాసనము చెప్పినట్లు ప్రతి బడిని ఇద్దరు గురువులతో నింపుడు. ఇంటిభాష వేరైన చోట ఆ భాష తెలిసిన సహాయకురాలిని గురువు ప్రక్కన నిలుపుడు. జనాభాలెక్క, విపత్సహాయము, ఎన్నికలు తప్ప అన్యకార్యములకు గురువులను పంపరాదను శాసననియమమును మీరే పాటింపుడు.

గ్రామపెద్దలకును, తలిదండ్రులకును ఒక మాట. మీ బిడ్డ యే తరగతి యని యడిగి తృప్తిపడకుడు. సంతనుండి తెచ్చిన సరకుల వెల కట్టించి చూడుడు; పిదప దానినే పలకమీద వేయుమనుడు. రాకున్న బిడ్డను కొట్టకుడు, పంతులుగారిని దూషింపకుడు. ఆయనకు ఆ గంట దొరకినదో లేదో కనుగొని, దొరకనియెడల ఆయన పక్షమున నిలిచి యడుగుడు.