గేలం వేద్దామా... వల లాగుదామా!

వేసవి సెలవులకు విశాఖ వెళ్లే కుటుంబాల్లో ఎవరో ఒకరికి ఈ ముచ్చట ఉండనే ఉంటుంది- పడవెక్కి సముద్రంలో చేపలు పట్టాలని. సరిగ్గా అప్పుడే అది కుదరదు! తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకూ 61 రోజులు వేట నిషేధం. ఒకప్పుడు మే నెలాఖరుతో ముగిసేది, 2015 నుంచి పొడిగించారు. చేపలు గుడ్లుపెట్టి సంతతిని పెంచుకునే కాలమని మరబోట్లను ఒడ్డునే కట్టేస్తారు. ఇంజిన్ లేని తెప్పలకు మాత్రం మినహాయింపు. ఇక దసరా సెలవులంటే తుఫాన్ల రోజులు. కాబట్టి చేపల సరదా ఉన్నవాళ్లకి సంక్రాంతి సెలవులే మేలు.

గేలంతో మొదలుపెట్టాలనుకునేవారికి భీమిలి బాగుంటుంది. గోస్తనీ నది సముద్రంలో కలిసేది అక్కడే. పోటు వేళ నీటితోపాటు చేపలూ మొగలోకి వస్తాయి. నైలాన్ దారం, సీసపు గుండు, కొక్కెం, ఎరగా రొయ్య ముక్క... ఖర్చు తక్కువే, ఓపికే ఎక్కువ కావాలి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. పాటు మొదలయ్యాక నది నీరు కూడా తోడై ప్రవాహం సముద్రంలోకి లాగేస్తుంది. ఈత వచ్చిన పెద్దవాళ్లు కూడా అక్కడ నీళ్లలోకి దిగకూడదు. పిల్లల్ని ఒడ్డునే ఉంచాలి.

అసలు సందడంతా అలివి వల దగ్గర! తాడు ఒక కొసను ఒడ్డున ఉంచి, పడవలో వెళ్లి వలను అర్ధచంద్రాకారంలో వదులుతూ, రెండో కొసతో కాస్త దూరంలో ఒడ్డు చేరతారు. ఆపైన రెండు జట్లు చెరో తాడూ పట్టుకుని లాగుతూ మెల్లగా దగ్గరకు వస్తాయి. గంటలు పట్టే పని. చివరికి మధ్యలోని సంచి ఇసుకమీదికి వస్తుంది. ఒకరోజు నిండా కవ్వళ్లూ నెత్తళ్లూ, మరోరోజు గుప్పెడు పీతలే. అడిగితే తాడు పట్టుకోనిచ్చేవాళ్లూ ఉంటారు. కానీ అడగాలి. చూసేవాళ్లకి అది కాలక్షేపం, లాగేవాళ్లకి ఆరోజు కూలి. పడిన చేపల్లోంచే వల యజమానికీ లాగినవాళ్లకీ వాటాలు. సంచి చుట్టూ మూగి ఫొటోలకోసం చేపల్ని ఎత్తి ఆడిస్తే ఎవరికైనా చిరాకే. తాబేలు చిక్కితే వాళ్లు తిరిగి నీళ్లలోకి వదిలేస్తారు. దాన్ని పట్టుకోవడం చట్టరీత్యా నేరం కూడా.

పడవలో వెళ్లే మాటంటారా... లైఫ్ జాకెట్లు లేని పడవ ఎంత చవగ్గా వచ్చినా ఎక్కొద్దు. కెరటాలు దాటే దాకానే ఉత్సాహం, ఆ తర్వాత చాలామందికి వాంతులే!

ఇవేవీ వద్దనుకుంటే తెల్లారేసరికి విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లొచ్చు. వంజరం, చందువ గుట్టలుగా పోసి వేలంపాట సాగుతుంటుంది. బేరం తెలిసిన స్థానికులెవరైనా పక్కనుంటే మంచిది. జారుడు నేల, పాత చెప్పులు వేసుకెళ్లండి.