చెరిపివేసిన అధ్యాయం

మూడేళ్ల క్రితం ఒక నవలను అనువదిస్తూ, ఏడవ అధ్యాయాన్ని ఉత్సాహంకొద్దీ తిరగరాశాను. వారం తరువాత చదువుకుంటే మొదటి పాఠమే మేలనిపించింది. అయితే అది ఎక్కడ? ‘తుది ప్రతి’, ‘సరికొత్త తుది ప్రతి’, ‘ఇదే తుది’ అన్న పేర్లతో ఫైళ్లు పదకొండున్నాయి. కావలసినది మాత్రం లేదు.

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారికి ఈ దుఃఖం పాతదే. దీనికి విరుగుడుగా బెల్ ప్రయోగశాలలలో మార్క్ రాచ్‌కైండ్ 1972లోనే ఒక సాధనాన్ని రూపొందించారు. నేడు విరివిగా వాడుకలో ఉన్న ‘గిట్’ను లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్‌లో ప్రారంభించారు.

ఆంగ్ల సాహిత్యం తప్ప మరేమీ చదవని నాకు సైతం దాని ఓనమాలు ఒక్క మధ్యాహ్నంలో పట్టుబడ్డాయి. రచన ఉన్న ఫోల్డరులో ‘గిట్ ఇనిట్’ అని టైపు చేస్తే చరిత్ర పుస్తకం తెరుచుకుంటుంది. భద్రపరచవలసిన మార్పులను ‘యాడ్’తో ఎంచుతాం. ‘కమిట్’ అనగానే ఆ ప్రతి తేదీతో, మనం జతచేసిన ఒక వాక్యంతో సహా నిలిచిపోతుంది. ‘లాగ్’ అని అడిగితే ఆ వరుస యావత్తూ చూపుతుంది. ఆ వాక్యం రాయడానికి బద్ధకించకండి. ‘మార్పులు చేశాను’ అంటే ఆరు నెలలకు మనకే బోధపడదు; ‘అత్తగారి మాటలను యాసలోకి మార్చాను’ అంటే వెదకనక్కరలేదు.

ఒక చిక్కుంది. గిట్ తేడాలను పంక్తులవారీగా చూపుతుంది. పేరా అంతా ఒకే పంక్తిగా కొడితే, ఒక్క మాట మార్చినా పేరా మొత్తం మారినట్లు కనిపిస్తుంది. అందువల్ల వాక్యానికొక పంక్తి చొప్పున రాస్తున్నాను. యంత్రం చెడితే చరిత్రా దానితోపాటే పోతుంది కనుక వేరొక చోట నకలు కూడా ఉంచుతున్నాను.

ఆ ఏడవ అధ్యాయం మాత్రం దొరకలేదు. జ్ఞాపకం ఉన్నంత మేరకు మూడవసారి రాశాను.