బొగ్గు లెక్కలో చేరని ఖర్చు

గోదావరి ఒడ్డు బొగ్గు మండలాల్లో ఓపెన్‌కాస్టు గని వస్తుందనగానే ముందుగా కొలిచేది పట్టా భూములనే. ఎవరికి ఎన్ని ఎకరాలు, ఎకరాకు ఎంత, ఇంటికి ఎంత అన్న లెక్క సాగుతుంది. ఆ భూమిని కౌలుకు దున్నేవాడు, అందులో కలుపు తీసే కూలీ, పనిముట్లు చేసే వడ్రంగి, కమ్మరి ఆ కాగితాల్లో కనపడటం అరుదు.

దేశానికి బొగ్గు అక్కరలేదని ఎవరూ అనరు. దేశంలో తయారయ్యే కరెంటులో సుమారు డెబ్బై శాతం బొగ్గుతో వచ్చేదే. 2004 నుంచి రైతు మోటారుకు అందుతున్న ఉచిత కరెంటు కూడా చాలావరకు దాని చలవే. అయితే బొగ్గు తీసే తీరు మారింది. 1990 దశకం మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. యంత్రాలు, ఓపెన్‌కాస్టులు పెరిగి నేడు ఆ సంఖ్య సుమారు నలభై వేలకు దిగింది. భూగర్భ గనిలో టన్నుకు ఖర్చెక్కువ, ఓపెన్‌కాస్టులో తక్కువ అంటారు. నిజమే. కాని టన్ను బొగ్గు కోసం ఐదారు ఘనపు మీటర్ల మట్టి తవ్వి ఊరి పక్కన గుట్టలుగా పోస్తారు. బ్లాస్టింగులకు గోడలు నెర్రెలిస్తాయి. గని లోతుకు పోయేకొద్దీ బావులు, బోర్లు అడుగంటుతాయి. దుమ్ముతో వచ్చే దగ్గు, మందుల ఖర్చు, నీళ్ల బిందెతో నడిచే దూరం టన్ను ధరలో ఎక్కడా కలవవు. అది ఊరి ఖాతాలో పడుతుంది. చౌక అంటున్నది అందుకే.

చట్టం లేక కాదు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సొంత భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ పనిచేసి బతుకుతున్న కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవారు బాధిత కుటుంబాలే. 1957 బొగ్గు భూముల చట్టం కింద తీసుకునే నేలకూ ఆ పరిహార, పునరావాస నిబంధనలు 2015 నుంచి వర్తిస్తున్నాయి. చిక్కంతా రుజువు దగ్గరే. నోటిమాట కౌలుకు కాగితం ఎక్కడిది? 2018లో వచ్చిన రైతుబంధులోనూ కౌలుదారు పేరు ఎక్కలేదు.

2015 సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ముందుగా గని బాధిత ఊళ్ల మంచినీళ్లకు, వైద్యానికి వెళ్లాలి. ఏ ఊరికి ఎంత వచ్చిందో పంచాయతీ గోడ మీద రాయించడానికి డబ్బా రంగు చాలు.

సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అడగబోతే హైదరాబాదు ఢిల్లీని, ఢిల్లీ హైదరాబాదును చూపడం కొత్తేమీ కాదు. గని హద్దు గీయకముందే తహసీల్దారు గ్రామసభ పెట్టి కౌలుదార్ల, కూలీల పేర్లు సాక్షుల సంతకాలతో రాసుకోవాలి. ఆ జాబితాను సభలో చదివి వినిపించిన తర్వాతే సర్వే గొలుసు పొలంలోకి దిగాలి.