కూలికి దగ్గర, కులాసాకు దూరం

పిల్లలతో దూరప్రయాణం అంటే మనవాళ్ళకు తెలిసినవి రెండే: ఒకటి మొక్కు, రెండోది పెళ్ళి. మొక్కయితే పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ బస్సులో కునికిపాట్లు పడినా ఎవరూ ఏమీ అనరు. పెళ్ళయితే డీసీఎం వ్యానులో ముప్పైమంది మధ్య పిల్లల్ని కుక్కినా అడిగేవాడు లేడు. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది, ఊరికే వెళ్ళి, చూసి, రావడం, అదీ సైకిలు మీద, అని చెప్పి చూడండి. చెప్పిన ఆడదాని వంక జాలిగా చూస్తారు. ఆమె మొగుడి వంక ఇంకా జాలిగా చూస్తారు.

నేననుకున్నది అంత ఘనకార్యమేం కాదు లెండి. పదేళ్ళ మా చిన్నదీ నేనూ ఎవరి సైకిలు వాళ్ళు తొక్కుకుంటూ అమరచింత నుంచి అలంపురం దాకా వెళ్ళాలి. సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు. దూరం సుమారు నూరు కిలోమీటర్లు. సంగతి పొక్కిన నాటి నుంచీ మా ఇంటికి సలహాలు సంతలో వంకాయల్లా గుట్టలుగా వచ్చి పడుతున్నాయి. ఏరి చూస్తే అన్నీ మూడు మూటల్లోకి సర్దుకుంటాయి. ప్రమాదం అనేది ఒకటి, ఆడపిల్ల అనేది రెండు, ఏం లాభం అనేది మూడు.

మొదటి మూట విప్పింది ఎదురింటి మగ్గం తాత. జరీ అంచు మీంచి కళ్ళెత్తకుండానే, "ఎందుకు బిడ్డా, పిల్లను గంత దూరం తిప్పుడు? రోడ్డు మంచిగ లేదు" అన్నాడు. ఆ మాటలో ప్రేమే తప్ప మరొకటి లేదు. తాతతో నాకు పేచీ లేదు. తాత ప్రేమను అడ్డం పెట్టుకుని చేతులు దులుపుకునే వాళ్ళతోనే నా పేచీ అంతా.

అసలు మన పాలమూరు పిల్లలు దూరాలకు కొత్తవాళ్ళా? ఈ గడ్డ మీది జనం గుంపు మేస్త్రీ వెంట మూటాముల్లే కట్టుకుని దేశంలో పెద్ద పెద్ద ఆనకట్టలు కట్టడానికి పోయినవాళ్ళు. బొంబాయి పనులకు బస్సులకు బస్సులు నిండి వెళ్ళినవాళ్ళు. ఆ మూటల పక్కన కూర్చున్న పిల్లలు ఎన్ని వందల కిలోమీటర్లు పోయారో ఎవరైనా లెక్కపెట్టారా? బడి మాని, భాష తెలియని ఊళ్ళో, ఇసుక కుప్ప మీద ఆడుకుంటూ పెరిగిన ఆ పిల్లల ప్రయాణానికి "అయ్యో, అంత దూరమా!" అని అడ్డం పడ్డ పెద్దమనిషి పేరు నాకింతవరకూ తెలియదు.

అంత దూరం ఎందుకు? మేం వెళ్ళదలచిన దారి జూరాల ఆనకట్ట దాటగానే నడిగడ్డలో అడుగు పెడుతుంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేల అది. హైబ్రిడ్ పత్తి విత్తనానికి దేశంలోనే పేరు మోసింది. ఆ విత్తనం తయారీకి పొద్దుగూకేవేళ మొగ్గ విప్పి కేసరాలు గిల్లెయ్యాలి, మర్నాడు పొద్దున్నే మరో మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. ఒక్కో పువ్వుకూ విడివిడిగా జరగాల్సిన పని. పొట్టి పిల్లలైతే నడుం వంచనక్కర్లేదనీ, సన్నని వేళ్ళయితే పువ్వు నలగదనీ, కూలి తక్కువనీ, 2000 ప్రాంతపు సంవత్సరాల్లో ఆడపిల్లల్ని చీకటితోనే జీపుల్లో, ఆటోల్లో ఎక్కించి చేలకు తోలేవారు. పత్రికలు రాశాయి, పరిశోధకులు నివేదికలిచ్చారు, బడికి పంపండని తిరిగినవాళ్ళు తిరిగారు. ఇప్పుడు తగ్గిందంటున్నారు, సంతోషమే. కానీ ఆ రోజుల్లో పదేళ్ళ పిల్ల ఊరు కాని ఊరి చేలోకి తెల్లవారకముందే పోతుంటే రోడ్డు మంచిగానే ఉందా? అదే ఈడు పిల్ల అదే రోడ్డు మీద నవ్వుకుంటూ సైకిలు తొక్కుతానంటేనే గోతులు కనిపించాయా?

2020 మే నెల గుర్తు చేసుకోండి. లాక్‌డౌన్‌లో బీహారుకు చెందిన పదిహేనేళ్ళ పిల్ల గాయపడిన తండ్రిని సైకిలు వెనకాల కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా సుమారు 1,200 కిలోమీటర్లు తీసుకుపోయింది. దేశం దేశమంతా చప్పట్లు కొట్టింది. విదేశాల నుంచి కూడా మెచ్చుకోళ్ళు వచ్చాయి. ఆ పిల్ల పట్టుదలకు నేనూ దణ్ణం పెడతాను. అయితే ఒక్కటడుగుతాను. గతిలేక 1,200 కిలోమీటర్లు తొక్కితే శభాషా? ఇష్టపడి నూరు కిలోమీటర్లు తొక్కితే పిచ్చా? కష్టానికైతే పిల్లలకు ఎంత దూరమైనా దగ్గరే, సంతోషానికైతే వీధి చివరి మలుపు కూడా దూరమే. ఇదీ మన న్యాయం!

రోడ్డు ప్రమాదం అబద్ధమని నేననను. లారీలు, ఇసుక ట్రాక్టర్లు, జూరాల గేట్లెత్తారని తెలియగానే దూసుకొచ్చే కార్లు, అన్నీ ఉన్నాయి. అందుకే నలభై నాలుగో నంబరు హైవే జోలికి పోకుండా గద్వాల నుంచి అయిజ, శాంతినగర్ మీదుగా దారి ఎంచుకున్నాం. హైవేను అలంపురం చౌరస్తాలో అడ్డంగా దాటడమే తప్ప దాని వెంట తొక్కడం లేదు. కానీ రోడ్డు చెడ్డదైతే రోడ్డును బాగుచేస్తారా, పిల్లను ఇంట్లో కట్టేస్తారా?

హాలెండు దేశంలో 1971 ఒక్క ఏడాదిలోనే రోడ్ల మీద 3,000 మందికి పైగా పోయారు. అందులో 400 మందికి పైగా పిల్లలు. అక్కడి తల్లిదండ్రులు "పిల్లల్ని సైకిలెక్కనివ్వం" అనలేదు. "పిల్లల హత్య ఆపండి" అని వీధిలోకొచ్చి కూర్చున్నారు. కార్ల రోడ్డు వేరు, సైకిలు బాట వేరు చేసేదాకా సర్కారును నిద్రపోనివ్వలేదు. ఇవ్వాళ అక్కడ పిల్లలు సైకిలెక్కి బడికి పోతున్నారంటే అది వాళ్ళ రక్తంలో ఉన్న గుణం కాదు, వాళ్ళ అమ్మానాన్నల మొండితనం.

మనకూ తెలివి లేక కాదు. 2023 అక్టోబరులో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. ఎండ తగలకుండా పైన సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. చాలా బాగుంది. నగరంలో ఒళ్ళు తగ్గడానికి తొక్కేవాళ్ళకు నీడ దొరికింది. మరి రోజూ బడికి తొక్కే పల్లెటూరి పిల్లకో? మాకు సౌర ఫలకాలు వద్దు మహాప్రభో! జూరాల కాలువల గట్ల మీద ఇప్పటికే బాటలున్నాయి. వాటిమీద సర్కారు తుమ్మ కొట్టించి, నాలుగు వేపమొక్కలు నాటి, తూముల దగ్గర పిట్టగోడలు కట్టిస్తే చాలు. ఏ లారీ ఎదురురాని దారి ఊరూరికీ దొరుకుతుంది.

ఇక రెండో మూట, ఆడపిల్ల. దీనికి నేను జవాబు చెప్పడం దేనికి? తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా స్త్రీలు ఎప్పుడో చెప్పేశారు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమంతోపాటు సైకిలు నేర్చుకోవడం కూడా సాగింది. పొలం కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, వేలాదిమంది, ఎగతాళి చేసినవాళ్ళ ముందే తొక్కి చూపించారు. 2006లో బీహారు సర్కారు తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది, హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య పెరిగింది. బడి దూరం తగ్గలేదు, పిల్లకు చక్రాలొచ్చాయంతే. చున్నీ చైనులో పడుతుందని బెంగపడేవాళ్ళకు కూడా ఉపాయం ఉంది. చున్నీ ఇంట్లో పెట్టి పోవడమే.

మూడో మూట అన్నిటికన్నా బరువైనది. "ఏం లాభం?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళు పిల్లల చేతికి రోజుకు మూడు గంటలు ఫోనిచ్చి మాత్రం లాభనష్టాలు లెక్కించరు సుమండీ. సరే, లెక్కే కావాలంటే చెబుతాను. నెల్లాళ్ళుగా మా ఇంట్లో సాగుతున్న ఏర్పాట్లు చూడండి. పటం పరిచి, దారం పెట్టి దూరం కొలిచింది పిల్ల. ఆత్మకూరు దాకా వెళ్ళొచ్చి గడియారం చూసుకుని గంటకు ఎంత తొక్కగలదో తేల్చుకున్నదీ పిల్లే. పెద్దవాళ్ళ ఓపిక కాదు, పిల్ల ఓపికే కొలత. అందుకే రోజుకు ముప్పైకి మించకూడదనీ, ఎండ ముదరకముందే మజిలీ చేరాలనీ, తను "చాలు" అంటే అక్కడికి చాలనీ ఒప్పందం. మొదటి రోజు జూరాల మీదుగా గద్వాల, సోమభూపాలుడి కోట, లోపల చెన్నకేశవుడి గుడి. రెండో రోజు అయిజ. మూడో రోజు చిన్న మజిలీ, శాంతినగర్. నాలుగో రోజు అలంపురం. చాళుక్యులు కట్టిన నవబ్రహ్మల గుళ్ళు, ఆ వెనక తుంగభద్ర. తిరుగు ప్రయాణం సైకిళ్ళతో సహా ఆటో ట్రాలీలో.

సామాను సంగతి కూడా పిల్ల చేతిరాతలోనే గోడకు అంటించి ఉంది. గాలిపంపు, రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్, స్పానరు. తుమ్మముల్లు దిగని టైరు ఈ ప్రాంతంలో ఇంకా పుట్టలేదు కనుక పంక్చరు వెయ్యడం ఇద్దరం నేర్చుకున్నాం. నీళ్ళు, జొన్నరొట్టెలు, పల్లీలు, బెల్లం. తలకు హెల్మెట్లు. రోడ్డు మీద పిల్ల ముందు, నేను దాని వెనకాల ఒక మూర కుడికి, వచ్చే బండికి ముందు నేనే కనిపించేలా. చెప్పండి, లెక్కలు, భూగోళం, చరిత్ర, ఆరోగ్యం, యంత్రశాస్త్రం, ఇన్ని పాఠాలు ఏ ట్యూషనులో చెబుతారు? అన్నిటికీ మించి, తన మాటకు విలువుందన్న పాఠం?

ఐర్లండు రచయిత్రి డెర్వ్లా మర్ఫీకి పదో పుట్టినరోజున ఒక పాత సైకిలూ ఒక పాత అట్లాసూ కానుకగా వచ్చాయి. దీని మీద ఇండియా వెళ్ళాలి అనుకుంది ఆ పిల్ల. 1963లో, ముప్పై ఒకటో ఏట, ఐర్లండు నుంచి ఢిల్లీ దాకా తొక్కి మాట నిలబెట్టుకుంది. తర్వాత అయిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని మన కూర్గుకు కూడా వచ్చింది, అది సైకిలు మీద కాదు లెండి. ఆ పుట్టినరోజున వాళ్ళ పెద్దలు "ఏం లాభం?" అనుకుని గౌను గుడ్డ కొనిపెట్టి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. మా చిన్నది ఢిల్లీ పోవాలనీ పుస్తకాలు రాయాలనీ నేననడం లేదు. నూరు కిలోమీటర్ల లోకం తనదని ఒక్కసారి కాళ్ళతో తెలుసుకుంటే చాలు.

అనుమతి అడగడానికి ఇదంతా రాయలేదు. సాయం చెయ్యదలచుకున్నవాళ్ళకు మార్గం చెబుదామని. గ్రామసభలో కాలువగట్టు బాట సంగతి ఎత్తండి, మీ పిల్లలకు కూడా పనికొస్తుంది. అది చేతకాకపోతే ఇంకోటుంది. సంక్రాంతి నాటికి ఆ దారిన మీ కారో, ట్రాక్టరో, లారీయో పోతుంటే చెవులు చిల్లులు పడేలా హారను కొట్టకండి. కాస్త నెమ్మదించి, కుడికి జరిగి పోనివ్వండి. పిల్ల ఎడమపక్కనే ఉంటుంది.