గోదావరికి గీత గీసిన చోట సముద్రం లేదు

కర్నూలు, కడప సీమల విద్యార్థికి యుద్ధనౌకల గొడవ ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఎండాకాలం వస్తే పెన్నలో ఇసుకే తప్ప నీళ్లుండవు. సముద్రం చూడాలంటే నెల్లూరు దాకా పోవాల్సిందే. ప్రశ్న న్యాయమైనదే. అయితే మన నౌకాదళంలో 32 ఏళ్లు కొలువు చేసి వెళ్లిన ‘గోదావరి’ అనే ఫ్రిగేట్ కథ తెలిస్తే, ఓడకూ మనకూ సంబంధం ఉందో లేదో తేలుతుంది.

గోదావరి పేరుతో ఓడలు మూడు ఉండేవి. మొదటిది 1943లో బ్రిటన్‌లో తయారై, నాటి రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. దేశ విభజనలో అది పాకిస్తాన్ వాటాకు పోయి ‘సింధ్’ అయింది. పేరు మనది, గీత వాళ్లది, చివరికి ఓడ కూడా మనకు దక్కలేదు. అరువు సొమ్ము బరువు చేటు అన్న మాట ఊరికే పుట్టలేదు.

మూడవ గోదావరి సంగతి వేరు. అంతకు ముందు 1972లో నౌకాదళంలో చేరిన నీలగిరిని బొంబాయి మజగావ్ డాక్‌లో మనవాళ్లే కట్టినా, దాని నమూనా బ్రిటిష్ వారి లియాండర్. గోదావరికి నమూనా కూడా మనవాళ్లే గీశారు. ఆ గీత గీసింది ఎక్కడ? ఢిల్లీలో! ఏ దిక్కుకు నడిచినా వందల కిలోమీటర్ల దాకా సముద్రపు గాలి తగలని ఊళ్లో, నౌకాదళ డిజైన్ విభాగంలో కూర్చుని మన ఇంజనీర్లు లెక్కలు కట్టారు. నీలగిరి తరగతికి ఉన్న 30,000 అశ్వశక్తి ఆవిరి యంత్రాలనే ఉంచి, ఓడను పొడవూ వెడల్పూ పెంచారు. ఒకదానికి బదులు రెండు సీకింగ్ హెలికాప్టర్లు పట్టేట్టు చేశారు. 1978లో పని మొదలై, 1980లో ఓడ నీళ్లలోకి దిగి, 1983 డిసెంబరు 10న నౌకాదళంలో చేరింది.

“ఇందులో మనదేముంది? క్షిపణులు రష్యావి, హెలికాప్టర్లు ఇంగ్లాండువి, టార్పెడో గొట్టాలు ఇటలీవి. అంతా కిచిడీ కదా!” అనే వాళ్లున్నారు. నిజమే, కిచిడీయే. కానీ కిచిడీ వండటం తెలిస్తేనే కదా అది కిచిడీ అయ్యేది! ఒక దేశం కొలతలతో చేసిన వస్తువు ఇంకో దేశం వస్తువుతో మాట్లాడదు. వాటన్నిటినీ ఒకే ఓడలో ఇమిడ్చి, ఒకే మాట వినేలా చేయటం కొనుక్కుంటే వచ్చే విద్య కాదు. స్వావలంబన అంటే మేకు దగ్గర నుంచి అన్నీ మనమే చేసుకోవటం కాదు. ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించే పెన్సిలు మన చేతిలో ఉండటం.

ఆ పెన్సిలు విలువ ఓడ కొలువులో తెలిసింది. 1988 నవంబరులో మాల్దీవుల ప్రభుత్వాన్ని కూలదోయబోయిన కిరాయి సైనికులు, మన పారాట్రూపర్లు దిగగానే ‘ప్రోగ్రెస్ లైట్’ అనే సరుకుల ఓడ ఎక్కి, బందీలతో సహా పారిపోయారు. గోదావరీ, బెత్వా వెంటాడి ఆ ఓడను పట్టుకున్నాయి. 1994లో సోమాలియా నుంచి మన సేనలు వెనక్కు వచ్చేటప్పుడు గోదావరి కాపుగా నిలిచింది. 2011లో ఏడెన్ సింధుశాఖలో సముద్రపు దొంగల నుంచి వర్తక నౌకలను కాచింది. 2015 డిసెంబరు 23న ముంబైలో కొలువు విరమించింది. దాని చెల్లెళ్లు గంగ 2018లో, గోమతి 2022లో విశ్రమించాయి. కానీ గీత ఆగలేదు. గోదావరి నమూనాను పెంచే బ్రహ్మపుత్ర తరగతి ఓడలు పుట్టాయి.

సముద్రం లేని నేలకు ఓడలో వాటా ఉండదనుకోవటం కూడా పొరపాటు. జర్మనీ తన ఫ్రిగేట్లకు రాష్ట్రాల పేర్లు పెడుతుంది. 1996లో కొలువులో చేరిన ‘బయర్న్’ అంటే బవేరియా. ఆ రాష్ట్రానికి జానెడు సముద్ర తీరం లేదు! అయినా ఆ పేరు మోస్తూ 2021 ఆగస్టులో బయలుదేరిన ఓడ 2022 జనవరిలో ముంబై రేవుకు వచ్చింది. మన దగ్గరా 2023 డిసెంబరులో, కొండల మధ్య ఉన్న ఇంఫాల్ పేరుతో ఒక యుద్ధనౌక చేరింది.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. సుంకేసుల నుంచి కడప దాకా పారే కె.సి. కాలువను 1860లలో తవ్వింది మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే విదేశీ కంపెనీ. సాగుకే కాదు, పడవలు నడపటానికి కూడా తవ్వారు. పడవల రాకపోకలు నిలవలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనుక్కుంది. అంటే మన నేల మీద పారే నీటికి కూడా గీత గీసింది పరాయి చేయి. “కరువు సీమలో ఓడ ఖర్చుతో ఎన్ని చెరువులు బాగుపడేవి!” అనే మిత్రుని ఆవేదన నాకూ ఉంది. కానీ చెరువు కట్టకైనా, ఓడకైనా కావాల్సిన విద్య ఒకటే. నీటి బరువు, ఉక్కు బలం, లెక్క, ఓపిక. ఆ విద్య మన పిల్లలకు లేనన్నాళ్లూ ఓడా మనది కాదు, కాలువా మనది కాదు.

విద్యార్థి మిత్రులారా! గైడు పుస్తకాలు బట్టీ పట్టి పాసైతే పట్టా వస్తుంది, పెన్సిలు పట్టటం రాదు. మన ప్రయోగశాలలు పరీక్షల ముందు పదిరోజులు తెరిచి మూసే గదులు కాకూడదు. అధ్యాపకులు అడ్డదారి చూపకూడదు, మనం అడగకూడదు. “కరువు నేలలో పుట్టాం, ఏం చేస్తాం?” అనటం ఆడలేక మద్దెల ఓడన్నట్టే. గోదావరికి గీత గీసిన వాళ్ల బల్ల ముందు కూడా సముద్రం లేదు. తెల్ల కాగితమే ఉంది.