ఎస్‌వీఓ బట్టీ పడితే ఇంగ్లీషు రాదు

 

2021-22లో మన రాష్ట్రంలో డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం చేశారు. మేం వద్దనలేదు. మా ఇళ్లలో కాలేజీ గడప మొదట తొక్కింది మేమే, ఇంగ్లీషు అవసరం మాకు తెలుసు. కానీ తగరపువలస చుట్టుపక్కల హాస్టళ్లలో ఉంటున్న ఏజెన్సీ పిల్లలం తరచూ వినే మాట ఒకటుంది: "కొండ మీంచి వచ్చారు, మీకు గ్రామర్ ఎక్కదు." ఆ మాట తప్పు.

క్లాసులో ఏం చెప్తున్నారు? ఎస్‌వీ, ఎస్‌వీఓ, ఎస్‌వీసీ, ఎస్‌వీఓఓ, ఎస్‌వీఓసీ అని బోర్డు మీద ఐదు రాసి బట్టీ పట్టమంటారు. అదేమైనా శిలాశాసనమా? 1904లో ఆనియన్స్ ఐదు రకాలన్నాడు. 1954లో హార్న్‌బీ క్రియల్ని బట్టి 25 నమూనాలు చూపించాడు. 1985లో క్వర్క్, ఆయన తోటివాళ్లు ఏడన్నారు. పెద్దోళ్లకే లెక్క ఒకటి కాలేదు, మాకు మాత్రం అక్షరం తప్పితే మార్కు పోద్ది.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. "కుక్క మనిషిని కరిచింది", "మనిషిని కుక్క కరిచింది" - ఎలా తిప్పినా కరిచింది కుక్కే. ఆ "ని" కాపలా కాస్తుంది. ఇంగ్లీషులో ఆ "ని" లేదు. మాట నిలబడిన చోటే అర్థం చెప్తుంది. "ద డాగ్ బిట్ ద మ్యాన్"లో రెండు పేర్లూ అటుదిటు చేస్తే మనిషే కుక్కని కరిచేస్తాడు. సబ్జెక్ట్, ఆబ్జెక్ట్ అంటే ఇదే కదా!

"ఆయన టీచర్" అంటే మనకి వాక్యం అయిపోయింది, క్రియ అక్కర్లేదు. ఇంగ్లీషుకి "ఈజ్" లేకపోతే నడవదు. "వచ్చాను" అంటే అందులోనే "నేను" ఉన్నాను. వాళ్లకి "ఐ" విడిగా పెట్టాల్సిందే. కాబట్టి "హి టీచర్" అని రాసిన పిల్లాడు మొద్దు కాదు, తన భాష నియమాన్ని పాటిస్తున్నాడు. కువి, కొండ భాషలు తెలుగుకి చుట్టాలు. సవర ముండా కుటుంబం, వేరే వంశం. అయినా వీటన్నిట్లో క్రియ మామూలుగా చివరికే వస్తుంది. ఇంగ్లీషులో మధ్యకొస్తుంది. ఈ తేడా పక్కపక్కన పెట్టి చూపిస్తే సగం భయం పోతుంది.

"మీ భాషలు మాకు రావు కదా" అంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారికి మాత్రం పుట్టుకతో వచ్చిందా సవర? పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గరే నేర్చుకున్నారు, 1931లో ఆ భాషకి వ్యాకరణం అచ్చువేయించారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన సవర గ్రామర్ రాశాడన్న సంగతి స్టేజీ మీద ఎంతమంది చెప్తున్నారు?

మేం అడిగేది దయ కాదు. సూత్రం కంటే ముందు వాక్యం చెప్పండి. మా భాషలో ఎలా అంటామో మమ్మల్నే అడగండి. పరీక్షలో పేర్లు కాదు, వాక్యం కట్టడం చూడండి.

గ్రామర్ మాకు కొత్త కాదు. నడక నేర్చినప్పట్నుంచీ మా నోట్లో ఉంది. దాన్ని లేదనడం మానండి, ఇంగ్లీషు సంగతి మేం చూసుకుంటాం.