వంశవృక్షానికి ఆడకొమ్మలు ఉండవా?

ఈమధ్య మా వైపు కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళల్లో వంశచరిత్రలు అచ్చువేయించడం ఎక్కువైంది. రిటైరైన పెద్దాయనో, అమెరికాలో స్థిరపడ్డ కొడుకో పూనుకుంటాడు. ఏడు తరాల మగవాళ్ళ పేర్లతో పెద్ద చెట్టు బొమ్మ గీయిస్తారు. పెళ్ళిళ్ళలో తాంబూలంతో పాటు పంచుతారు. ‘మన మూలాలు మనం తెలుసుకోవాలి’ అంటారు. తెలుసుకోవలసిందే. కానీ ‘మన’ అంటే ఎవరు?

మా అమ్మమ్మ పుట్టింటివాళ్ళూ ఒక పుస్తకం వేశారు. వాళ్ళది వేటపాలెం దగ్గరి రామాపురం. పొలం తగాదా ఇంకా తెగలేదు కాబట్టి ఎవరి పేర్లూ రాయడం లేదు. ఆ చెట్టులో మా ముత్తాత కింద ముగ్గురు కొడుకుల పేర్లున్నాయి. పక్కన చిన్న అక్షరాల్లో ‘స్త్రీ సంతానం ఇద్దరు’ అని ఉంది. అంతే!

ఇదేమని అడిగితే రెండు జవాబులొచ్చాయి. మొదటిది: ‘ఆడపిల్ల అత్తారింటి మనిషి, అక్కడి చెట్టులో ఉంటుందిలే.’ అక్కడా చూశాను. అక్కడ ఆమె ఒకాయన ధర్మపత్ని. ఆమెకు తల్లి లేదు, తండ్రి లేదు, ఊరు లేదు. ఒక ఇంట్లో అంకె, ఇంకో ఇంట్లో విశేషణం. మనిషిగా ఎక్కడుంది?

రెండోది: ‘రికార్డుల్లో ఆడవాళ్ళ పేర్లు దొరకవు.’ ఇందులో కొంత నిజముంది. మెకంజీ సేకరింపజేసిన కైఫియ్యతుల్లో గ్రామ చరిత్రంటే చాలావరకు రాజులు, జమీందార్లు, కరణాలు, ఆలయాల మాన్యాలే. 1984లో రద్దయ్యేదాకా కరణీకాలు తరతరాలుగా కొన్ని కుటుంబాల చేతుల్లోనే నడిచాయి. స్వతంత్ర భారతదేశపు మొదటి ఓటర్ల జాబితా తయారుచేసినప్పుడు, ముఖ్యంగా ఉత్తరాదిలో, ఎందరో స్త్రీలు సొంత పేరు చెప్పకుండా ‘ఫలానా ఆయన భార్యను’, ‘ఫలానా వాడి తల్లిని’ అని రాయించుకున్నారు. అలా దాదాపు 28 లక్షలమంది పేర్లు జాబితా నుంచి పోయాయి. అంటే 1951-52లో వాళ్ళు ఓటు వేయలేకపోయారు. పేరు లేకపోవడమంటే హక్కు లేకపోవడమని ఇంతకంటే ఎలా చెప్పాలి?

అయితే ‘దొరకవు’ అనేది పూర్తి నిజం కాదు. భండారు అచ్చమాంబ 1901లోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి స్త్రీలకూ చరిత్ర ఉందని చూపించింది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ పోరాటంలోని స్త్రీల జ్ఞాపకాలనే ఆధారంగా చేసుకుంది. వెతికే పద్ధతి మారితే ఆధారాలూ దొరుకుతాయి.

నేనూ వెతికాను. రామాపురం 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో బాపట్ల జిల్లా కిందికి వచ్చింది. ఊరు కదలకపోయినా దాని కాగితాల కోసం మనం ఊళ్ళు తిరగాల్సిందే. చివరికి ఒక రిజిస్ట్రారు ఆఫీసులో మా అమ్మమ్మ దొరికింది. 1968 నాటి విడుదల దస్తావేజు. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి వాటాలో కూతుళ్ళకూ భాగమిచ్చింది కదా, ఆ భాగం తమ్ముళ్ళకు వదులుకుంటున్నట్టు రాయించారు. పూర్తి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, కింద వేలిముద్ర. ఎంత పకడ్బందీగా ఉందో! వాటా వదిలించుకోవలసినప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్న పేరు చరిత్ర రాసేటప్పటికి ఎలా దొరకకుండా పోయింది?

చిన్నమ్మమ్మ మాత్రం అలాంటి కాగితం మీద వేలిముద్ర వేయలేదు. ఎనభై దాటిన ఆమె ఇప్పుడు వాటా అడుగుతోంది. మేనమామలు ‘అప్పుడే నోటిమాటగా పంచుకున్నాం’ అంటున్నారు. కుటుంబ సభ్యుల ధృవీకరణ కోసం పెట్టిన వంశవృక్షంలోనూ కొడుకుల పేర్లే! పుస్తకంలోని చెట్టూ, ఆఫీసులో పెట్టిన చెట్టూ ఒకటే. అందుకే ఈ మరపు అమాయకమైనదని నేను నమ్మను.

చట్టం తెలియక కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో వాటా అని మన రాష్ట్రం 1985లోనే సవరణ తెచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళను మాత్రం వదిలేసింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. నోటిమాట పంపకాలను తేలిగ్గా ఒప్పుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో చెప్పింది. చట్టం ఇంత దూరం వచ్చినా ఇంటి చెట్టు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఏడు తరాలు లెక్కపెట్టగలగడం భూమి ఉన్న కులాలకు దక్కిన సౌకర్యం. మా ముత్తాత పొలంలో నాట్లు వేసిన స్త్రీల పేర్లు పట్టాలో లేవు, దస్తావేజులోనూ లేవు. మా అమ్మమ్మ వేలిముద్రయినా మిగిలింది. వాళ్ళ చరిత్ర రాయాలంటే మా పుస్తకాల్లోని ‘వంశ గౌరవం’ అనే మాటనే ముందు ప్రశ్నించాలి.

వంశచరిత్ర రాయవద్దని నేననడం లేదు. ప్రతి తరంలోనూ తల్లి పేరు, ఆమె పుట్టిన ఊరు, ఆమె తల్లి పేరు రాయండి. కూతుళ్ళ పేర్లు కొడుకుల పేర్లంత అక్షరాల్లోనే వేయండి. ఎవరి పేరున ఎంత భూమి వచ్చిందో, ఎవరు ఏ సంవత్సరంలో వాటా వదులుకున్నారో కూడా వేయండి. మా వాళ్ళు రెండో ముద్రణ వేస్తారట. ఈ వివరాలు లేకుండా వేస్తే దాన్ని చరిత్ర అనకండి. వాటా ఎగ్గొట్టడానికి రాసుకున్న మరో కాగితం అనండి చాలు.